పేరు పెట్టి పిలిచిన పొద్దు

శ్యామలమ్మ తన జన్మలో ఒక్కసారి తప్ప "పెద్ద" అనే మాట అనలేదు. నమ్మరా? నిజాం రాజు ఏలుతున్న ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నం వచ్చి ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు. ఊరు ఊరంతా పెద్ద చెరువు అనే చెరువును ఆమె "మన చెరువు" అనేది. పెద్ద పండుగను "గా పండుగ" అనేది. పెద్దమ్మ వరసయ్యే ఒక ముసలామె ఎదురుపడితే ఏమని పలకరించాలో తెలియక ఉత్త నవ్వు నవ్వి పక్కకు తప్పుకునేది. ఆ ముసలామె ఊరుకుంటుందా? "గా కొంగరకలాన్ పిల్లకు పొగరు, నోరు తెరిచి పలకరియ్యదు" అని, శ్యామలమ్మ పుట్టినూరి పేరు కలిపి మరీ, వాడవాడలా చెప్పుకు తిరిగింది.

ఎందుకంటారా? ఆమె మొగుడి పేరు పెద్దయ్య. మొగుడి పేరు పెళ్ళాం నోట వస్తే మొగుడి ఆయుష్షు తరిగిపోతుందని, పేరే కాదు, పేరులో ముక్క కూడా నాలుక మీదికి రానియ్యొద్దని తల్లి ఆమెను అత్తగారింటికి పంపేటప్పుడు చెవిలో చెప్పి పంపింది. అప్పట్లో ఆడవాళ్ళందరూ అంతే. కానీ అందరికీ అంత తిప్పలు రాలేదు. మొగుడి పేరు ఏ హన్మంతో అయితే ఒక్క ఆంజనేయుడి దగ్గర జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది. పెద్దయ్య అని పేరున్నవాణ్ణి చేసుకున్న మనిషి ఎన్ని మాటలు దాటుకుంటూ బతకాలి, మీరే చెప్పండి!

పిల్లలున్న ఆడవాళ్ళకు ఇంకో దారి ఉండేది. పక్కింటి నన్నే బీ మొగుణ్ణి పిలవాలంటే "అబ్బాస్ వాళ్ళ బాపు" అని గోడ అవతలి నుంచే కేకేసేది. అబ్బాస్ ఆమె కొడుకు. శ్యామలమ్మకు ఆ అదృష్టం లేదు. కడుపు పండలేదు. ఆ లోటు గురించి ఆమె ఎవరి ముందూ ఏడ్చింది లేదు గానీ, మొగుణ్ణి పిలవాల్సి వచ్చినప్పుడల్లా అది గుర్తుకు వచ్చేది. పోనీ "ఏమయ్యో" అందామంటే అందులోనూ పేరులోని అయ్య ఉన్నాడాయె. ఇక మిగిలింది "ఓ" ఒక్కటే. "ఓ, అన్నం తిందువు రా." "ఓ, పటేల్ పిలుస్తున్నడు." అట్లా ఒక్క అక్షరంతో కాపురం నెట్టుకొచ్చింది. పెద్దయ్య తక్కువ తిన్నాడా? పెళ్ళాన్ని నలుగురిలో పేరు పెట్టి పిలిస్తే అలుసని ఆయన లెక్క. "ఏమే" అనేవాడు. పెళ్ళినాడు తాళి కట్టేటప్పుడు అయినా ఆమె పేరు విన్నాడో లేదో అని నాకు అనుమానం.

పెద్దయ్య చెరువుకు నీరటి. తూము ఎత్తడం, దించడం, ఏ పొలానికి ఏ పూట నీళ్ళు పారాలో చూడడం ఆయన పని. పొద్దున్నే పార భుజాన వేసుకొని కట్ట మీద ముందు ఆయన నడుస్తుంటే, సద్దిమూట నెత్తిన పెట్టుకొని వెనక ఆమె నడిచేది. ఆమె వస్తున్నదో లేదో వెనుదిరిగి చూసేవాడు కాదు. చూడకపోవడమే మొగతనం అని అప్పటి మొగవాళ్ళు అనుకునేవాళ్ళు. నన్నడిగితే అది మెడ పట్టేసిన రోగం. అయినా శ్యామలమ్మకు ఆయన వీపు అంటే ఇష్టం. ఆ వీపు ముందు నడుస్తుంటే లోకంలో ఏ భయమూ లేదనిపించేది.

ఒక ఏడు ఊళ్ళో గత్తర పడింది. వాంతులు, విరేచనాలు పట్టుకుని, పొద్దున బాగున్న మనిషి మాపటికి లేడు. పెద్దయ్యకు తగులుకుంది. దవాఖాన దూరం, బండి కట్టేవాడు లేడు, రోగం ఉన్న ఇంటి గుమ్మం తొక్కేవాడు అసలే లేడు. నన్నే బీ ఒక్కతే వచ్చింది. గంజి కాచి, ఉప్పు వేసి, ఇద్దరూ వంతులవారీగా ఆయన నోట్లో పోస్తూ కూర్చున్నారు. కాళ్ళు చల్లబడ్డాయి. కళ్ళు లోపలికి పోయాయి. శ్యామలమ్మ అప్పుడు వాకిట్లోకి వచ్చి దక్షిణం వైపు తిరిగి చేతులెత్తింది. ఆ దిక్కున, చాలా దూరాన, నల్లమల కొండల్లో సలేశ్వరం లింగమయ్య ఉంటాడని తల్లి చెబితే విన్నది.

"లింగమయ్యా, గీ మనిషిని నాకియ్యి," అన్నది. దేవుడి పేరులోని అయ్యకు దోషం లేదనుకుంది గానీ, ఆ దేవుడికైనా మొగుడి పేరు చెప్పలేదు చూడండి! "ఇద్దరం మూట కట్టుకొని నడిచొస్తం. మా చెరువు నీళ్ళు తెచ్చి నీ నెత్తిన పోస్తం. గీ ఒక్క మనిషిని ఇడిసిపెట్టు."

పెద్దయ్య బతికాడు. ఎముకల గూడులా లేచి కూర్చొని "ఏమే, తూము దించినరా?" అని అడిగాడు. శ్యామలమ్మ ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చి, నన్నే బీ కాళ్ళ మీద పడబోతే ఆమె లాగి కౌగిలించుకుంది.

మొక్కు తీర్చడానికి ఏడాది పట్టింది. నీరటి చెరువు వదిలి పోవడం అంటే మాటలా? యాసంగి కోతలు అయ్యాక, తూము మూసేశాక, పటేల్‌ను బతిమాలుకుంటే చైత్రమాసంలో సెలవు దొరికింది. సలేశ్వరం జాతర కూడా చైత్ర పున్నమికే. జొన్నరొట్టెలు, పచ్చిపులుసుకు చింతపండు, కారం, ఒక చెంబు, ఒక గొంగడి. నన్నే బీ తన ఇంటి కప్పు మీద కాసిన సొరకాయను ఎండబెట్టి బుర్ర చేసి ఇచ్చింది. అందులో చెరువు నీళ్ళు నింపి, మూతికి మైనం పెట్టారు. ఊళ్ళో నవ్వారు. "లింగమయ్య కూసున్నదే జలపాతం కింద. ఆయనకు నీళ్ళు మోసుకపోతవా?" అన్నారు. "ఆయన నీళ్ళు ఆయనయి, మా నీళ్ళు మాయి," అన్నది శ్యామలమ్మ.

నన్నే బీ చావడి దాకా వచ్చి సాగనంపింది. "మీ లింగమయ్యకు నా సలాం చెప్పు, చెల్లె. జర భద్రంగ తోలుకరా నీ మొగున్ని," అన్నది.

ఆమనగల్లు, కల్వకుర్తి, అచ్చంపేట. దారిలో బండ్లు దొరికితే ఎక్కారు, దొరక్కపోతే నడిచారు. ఆ నడకలో శ్యామలమ్మకు ఎన్నడూ ఎరగని సుఖం దొరికింది. ఇంట్లో అయితే ఆయన తిని లేచాకనే ఆమె తినాలి. ఇక్కడ ఉన్నది ఒక్కటే మూట, ఒక్కటే నీడ. ఒక చింతచెట్టు కింద కూర్చుని ఆయనే రొట్టె విరిచి సగం ఆమె చేతిలో పెట్టాడు. "తిను, ఎవరు సూస్తున్నరు?" అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే కూర్చుని ఒక్క రొట్టె తిన్నారు. ఆమె గొంతులో ముద్ద దిగలేదు. కారమెక్కువైంది అనుకున్నాడు ఆయన. ఏం చెబుతుంది? ఏడాది కింద గంజి మింగలేని ఆ నోరు ఇప్పుడు రొట్టెను కసకసా నములుతుంటే చూస్తూ ఆమె మనసులో లింగమయ్యకు దండం మీద దండం పెట్టింది.

కట్ట మీద నోరు మెదపని మనిషి దారిలో మాట్లాడడం మొదలుపెట్టాడు. కనిపించిన ప్రతి వాగు గురించీ చెప్పేవాడు. ఇది ఎక్కడ పుట్టి ఉంటుంది, ఏ ఊరి చెరువు నింపుతుంది, ఎక్కడ కట్ట వేస్తే బాగుంటుంది. "మనిషి ఏసిన తొవ్వ ఎటన్న పోవచ్చు. నీళ్ళు పోయిన తొవ్వ పట్టుకుంటే మాత్రం ఎన్నటికైన ఊర్లెకే పోతం," అన్నాడు. ఆయన ఎరిగిన నీళ్ళన్నీ అట్లాంటివే మరి. తూము నుంచి కాలువకు, కాలువ నుంచి పొలానికి, పొలం నుంచి ఊరికి. నిజమే కదా అనుకుంది ఆమె.

మన్ననూరు దాటాక అడవి. నెత్తి మీద మూట పెట్టుకొని వెళ్ళబోతే ప్రతి కొమ్మా మూటను పట్టి లాగింది. అక్కడి చెంచు ఆడవాళ్ళు చూసి పగలబడి నవ్వారు. వాళ్ళలో ఒకామె దగ్గరికి వచ్చి, గొంగడిని మడిచి, మూటనూ బుర్రనూ అందులో చుట్టి శ్యామలమ్మ వీపుకు కట్టింది. నెత్తిన బరువు లేకుండా నడవడం ఆమెకు కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఊపుకుంటూ నడిచింది. పెద్దయ్య వీపుకూ ఒక మూట కట్టారు. ఆ వేషం చూసి ఒకర్నొకరు నవ్వుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి అట్లా నవ్వుకున్నారు.

"గీ అడవిల చారలది ఉంటదంటవా?" అని అడిగింది ఆమె కొంచెం దూరం పోయాక.

"చారలదేంది?"

"గదే... లావు పిల్లి."

పెద్దయ్యకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెట్టు పట్టుకొని నవ్వాడు. "ఓరి నీ యవ్వ! నా పేరు జెయ్యవట్టి పెద్దపులిని గూడ పిల్లిని జేసినవ్ గదనే!" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందు గుంపులు, వెనక గుంపులు. "వస్తున్నం వస్తున్నం లింగమయ్యో!" అని వాళ్ళు అరుస్తుంటే ఎదురు కొండ కూడా అరిచేది. దర్శనం చేసుకొని ఎదురొచ్చేవాళ్ళు "పోయొస్తం లింగమయ్యో!" అనేవాళ్ళు. అడవి అంతా ఓ, ఓ, ఓ. పెద్దయ్య అరవలేదు. అంత మందిలో నోరు తెరవడం ఆయనకు మొహమాటం. ముందు నడుస్తున్నాడు, ఎప్పటిలాగే వెనుదిరిగి చూడకుండా. శ్యామలమ్మ ఆ వీపు చూస్తూ నడుస్తున్నది.

లోయలోకి దిగే చోటుకు దగ్గర పడుతుండగా ఆమె కాలిలో ముల్లు దిగింది. "ఓ, జర ఆగు," అన్నది. ఆ ఓ, ఈ ఓ కలిసిపోయాయి. ఆయనకు వినబడలేదు. బండ మీద కూర్చుని ముల్లు తీసుకుని, ఎంగిలి రాసుకుని, కుంటుతూ లేచి చూస్తే ముందు వీపు లేదు.

కొంచెం దూరంలో దారి రెండుగా చీలింది. కుడి చేతి వైపు మనుషులు తొక్కిన దారి, ఇరుకుగా, తోసుకుంటూ పోతున్న జనంతో. ఎడమ చేతి వైపు ఎండిపోయిన వాగు, నున్నటి బండలతో, విశాలంగా, ఖాళీగా. ఆ వాగు మొదట్లో ముళ్ళకంప పక్కకు ఈడ్చి పడేసి ఉంది. ఒక చెంచు మనిషి దాన్ని చూసి తల పట్టుకున్నాడు. మల్లా అంటారు ఆయన్ని. జాతరకు వచ్చేవాళ్ళు దారి తప్పకుండా చూసే మనిషి.

"కంప ఎవడు తీసిండు? పొద్దున్నే అడ్డం పెట్టిన!" అని అరుస్తున్నాడు.

ఎవరు తీశారో శ్యామలమ్మకు ఇంకొకరు చెప్పాలా? ఊళ్ళో తమ మళ్ళకే నీళ్ళు మళ్ళించుకోవాలని రైతులు కాలువకు కంప అడ్డం పెడతారు. కంప కనిపిస్తే చాలు, ఎవరిదని అడగకుండా లాగి అవతల పారేయడం పెద్దయ్య కొలువు. బతుకంతా అదే చేసిన చేతులు ఇక్కడ మాత్రం ఆగుతాయా? పైగా లింగమయ్య ఉన్నది నీళ్ళ కింద. నీళ్ళు పోయిన దారి పడితే ఆయన దగ్గరికే పోతాం అనుకుని ఉంటాడు. అబద్ధం కాదు. ఆ వాగు లింగమయ్య దగ్గరికే పోతుంది. కాకపోతే కొండ అంచు మీదినుంచి కిందికి దూకి పోతుంది.

"అన్నా, గటు పోతే ఏముంటది?" అని అడిగింది.

"ఏముంటది? ఏం లేదు. అంచుకు బోదగడ్డి మొలిచి ఉంటది, నేల ఉన్నట్లే కనవడతది. కాలు పెడితే లోయే. ఎవరు పోయిన్రు?"

"మా... మా ఇంటాయన."

దూరంగా కనిపించాడు. వాగు నడుమ, మూట వీపుకు కట్టుకొని, కర్ర ఊపుకుంటూ, చెరువు కట్ట మీద పోయినట్టు తీరిగ్గా పోతున్నాడు. ఆయన ముందు పసుపు పచ్చని గడ్డి. గడ్డి అవతల ఆకాశం.

"ఓ!" అని అరిచింది శ్యామలమ్మ. "ఓ! ఆగు! ఓ!"

అడవి అంతా అవే కేకలు. ఆయన తల తిప్పలేదు. మల్లా కూడా "ఓ అన్నా! ఆగే!" అని అరిచాడు. ఆ జాతరలో అన్నలెంతమంది లేరు? తనను కాదనుకున్నాడు పెద్దయ్య. అడుగు వేస్తూనే ఉన్నాడు.

"పేరేంది ఆయనది? పేరు పెట్టి పిలువమ్మా!" అన్నాడు మల్లా పరుగెత్తుతూ.

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు.

"పేరు లేనోడానమ్మా నీ మొగడు? నాకన్న చెప్పు, నేను పిలుస్త!"

చెప్పాలన్నా తన నోటితోనే కదా చెప్పాలి! ఏ ఆయుష్షు కోసం దేవుడి ముందు కొంగు పరిచిందో, ఆ ఆయుష్షును తన నాలుకతో తానే తెంపుకోవాలా? గంజి పోసి పోసి నిలబెట్టుకున్న మనిషి. తల్లి చెవిలో చెప్పిన మాట పెళ్ళినాడు ఎంత గట్టిగా వినిపించిందో ఇప్పుడూ అంత గట్టిగా వినిపించింది. ఆమె పరుగెత్తింది. కుంటికాలుతో, బండల మీద పడుతూ లేస్తూ పరుగెత్తింది. ఒక చోట వెల్లకిలా పడింది. వీపు కింద బుర్ర పటుక్కున పగిలింది. నీళ్ళు గొంగడిలోకి, చీరలోకి దిగిపోయాయి. లేచి చూస్తే ఆయన గడ్డి దగ్గరికి చేరాడు. ముందు కర్రతో గడ్డిని పక్కకు తోశాడు.

"పెద్దయ్యా!"

ఆ అరుపు ఆమె కడుపులో నుంచి వచ్చింది. పోయి ఎదురు కొండకు తగిలింది. పెద్దయ్యా అన్నది ఆ కొండ. పెద్దయ్యా అన్నది దాని పక్క కొండ. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పేరు తిరుగుతూనే ఉంది. అయ్యో, ఒక్కసారి అంటే కొండలన్నీ ఇన్నిసార్లు అనాలా! ఎన్ని సార్లకు ఎంత తరిగిందో అనుకుని ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

పెద్దయ్య ఆగాడు. ఎత్తిన కాలు అట్లాగే ఎత్తి పట్టుకుని ఆగాడు. తర్వాత, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. వెనుదిరిగి చూశాడు.

మల్లా పోయి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. మాటలతో చెబితే నమ్మడేమోనని ఒక రాయి తీసి గడ్డిలోకి విసిరాడు. రాయి గడ్డిలో మాయమైంది. చప్పుడు రాలేదు. ఇక రాదేమో అనుకున్నాక ఎక్కడో కింద చిన్నగా టక్ మన్నది. పెద్దయ్య ఉన్నచోటనే కూలబడ్డాడు.

శ్యామలమ్మ వచ్చి ఆయన ముందు నిలబడింది. ముందు ఏడుస్తుందనుకున్నాడు. ఆమె రెండు చేతులా ఆయన భుజాల మీద కొట్టింది. "కంపెందుకు తీసినవ్? గది నీ కాలువనా? గది నీ కాలువనా అంట!" అని కొట్టి కొట్టి, తర్వాత ఆయన పక్కనే కూలబడి ఏడ్చింది.

"అలవాటైపోయింది," అన్నాడు పెద్దయ్య తప్పు చేసిన పిల్లవాడిలాగా. కాసేపటికి నెమ్మదిగా అడిగాడు. "పిలిచింది నువ్వేనా?"

ఆమె తన చెంపలు తానే వాయించుకుంది. ఆ చేతులు పట్టుకుని ఆపాడు. "మా అవ్వ పోయినంక నన్ను గట్ల పిలిచినోళ్ళు లేరు. అవ్వే పిలిచిందనుకున్న. గందుకే నిలవడ్డ," అన్నాడు.

ఆ మాటకు ఇంకొకరైతే చల్లబడేవాళ్ళు. శ్యామలమ్మ చల్లబడలేదు. లోయలోకి దిగినంతసేపూ ఆయన గొంగడి అంచు పిడికిట్లో పట్టుకుని, దుఃఖం దిగమింగుకుంటూ దిగింది. బుర్ర పగిలింది, మొక్కు తప్పింది. పేరు నోట వచ్చింది, ఆయుష్షు తరిగింది. పండుగకు పోతున్నట్టు వచ్చిన మనిషి దొంగతనం చేసిన మనిషిలా దేవుడి ముందుకు పోయింది.

పైనుంచి నీళ్ళు తుంపర్లుగా పడుతున్నాయి. గుహలో దీపం, లింగం, తోసుకుంటూ జనం. పెద్దయ్యను దాటుకుని ముందుకు పోయి ఆమె మోకాళ్ళ మీద పడింది. చుట్టూ ఎవరున్నారో చూడలేదు.

"లింగమయ్యా, నీళ్ళు తెస్తనంటిని, తేలేదు. దానికి నువ్వేమన్న జెయ్యి. ఆయన పేరు నా నోట అచ్చింది. ఎంత ఆయుష్షు తరిగిందో నాకెర్కలేదు, నీకెర్క. గా తరిగినంత నా దాంట్లకెల్లి తీసుకో. తీసుకొని ఆయనకియ్యి. ఆయనది ఆయనకు నిండుగ ఉండాలె."

వెనక నిలబడ్డ పెద్దయ్య విన్నాడు. జాతర దారి పొడుగునా ఒక్క కేకా వేయని మనిషి, పటేల్ ముందు తల ఎత్తని మనిషి, జనాన్ని రెండు మోచేతులతో తోసుకుని వచ్చి లింగం ముందు నిలబడ్డాడు.

"ఓ లింగమయ్యా!" అన్నాడు. గుహ మారుమోగింది. "ఆమె మాట ఇనకు. ఆమెకేం తెల్వది. నేను అంచుకాడ నిలవడ్డ అంటే ఆమె పిలిస్తేనే నిలవడ్డ. గత్తరల బతికిన అంటే ఆమె గంజి పోస్తేనే బతికిన. నా పేరు ఎన్నిసార్లు పిలిచినా నాకు పెరుగుడే గాని తరుగుడు లేదు. ఆమె పేరు శ్యామలమ్మ. ఇబ్రహీంపట్నం శ్యామలమ్మ. పేరు మంచిగ యాది పెట్టుకో. ఆమె ఆయుష్షు మీద చెయ్యేసినవంటే నేనూరుకోను, చెబుతున్న!"

దేవుణ్ణి దబాయించే భక్తుణ్ణి అక్కడి జనం అంతకుముందు చూడలేదు. ఎవరో ముసలామె గట్టిగా "లింగమయ్యో!" అన్నది. అందరూ అందుకున్నారు. శ్యామలమ్మ మాత్రం తల ఎత్తి ఆయన్నే చూస్తున్నది. తన పేరు ఆయన నోట అంత బాగుంటుందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

పెద్దయ్య ఇంకా ఆగలేదు. ఆమె వీపు మీది గొంగడి విప్పాడు. గొర్రె బొచ్చు తాగిన నీళ్ళను అంత తొందరగా వదలదు కదా. మడిచి, మెలిపెట్టి లింగం మీద పిండాడు. నాలుగు మురికి చుక్కలు పడ్డాయి. దీపం దగ్గర కూర్చున్న చెంచు పూజారి ముఖం చిట్లించలేదు. "పిండు పిండు, గీడ గాయనకు పట్టింపు లేదు," అన్నాడు.

"మా చెరువు నీళ్ళే," అన్నాడు పెద్దయ్య దేవుడికి అర్థమయ్యేలా. శ్యామలమ్మ వెంటనే కళ్ళు తుడుచుకుని, నన్నే బీ చెప్పిన సలాం గుర్తు చేసుకుని అది కూడా చెప్పింది.

ఆ తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను, మీరు ఫికర్ పడకండి. పెద్దయ్య చాలా ఏళ్ళు బతికాడు. నిజాం రాజ్యం పోయిన ఏడు కూడా ఆయన తూము దగ్గరే ఉన్నాడు, జుట్టు తెల్లబడి, దగ్గుకుంటూ, అందరి కంపలూ లాగి పారేస్తూ. ఆయన దగ్గినప్పుడల్లా శ్యామలమ్మకు గుండె గుభేలుమనేది. తెల్లారి లేచి ఆయన చుట్ట కాలుస్తుండడం చూసి లింగమయ్యకు దండం పెట్టుకునేది. తల్లి చెప్పిన మాటను ఆమె ఎన్నడూ అబద్ధం అనలేదు. పేరు మళ్ళీ పలకనూ లేదు. ఆయనే అప్పుడప్పుడు ఎవరూ లేనప్పుడు "ఒక్కసారి పిలువరాదే" అని బతిమాలేవాడు. "చాలు తియ్యి," అని ఆమె చేట తీసుకుని లోపలికి పోయేది.

సలేశ్వరం నుంచి వచ్చేటప్పుడు మాత్రం ఒకటి మారింది. లోయ ఎక్కగానే పెద్దయ్య పక్కకు నిలబడి "నువ్వు ముందు నడువు," అన్నాడు. ఆమె ససేమిరా అన్నది. "ముందు నడువు. నువ్వు నాకు కనవడాలె," అన్నాడు. ఇక చేసేదేముంది! అడవి అంతా అట్లాగే నడిచారు. అచ్చంపేట, కల్వకుర్తి, ఆమనగల్లు, అన్ని ఊళ్ళ బజార్లలో అట్లాగే నడిచారు. వీపు మీద ఆయన చూపు ఉన్నట్టు ఆమెకు తెలుస్తూనే ఉంది. ముందు రెండు రోజులు నడక తడబడింది. తర్వాత అలవాటైంది. చింతచెట్ల కింద ఆగి రొట్టె సగం సగం తిన్నారు. ఈసారి ఆమెకు ముద్ద దిగింది.

తమ ఊరి చెరువు కట్ట కనిపించేసరికి శ్యామలమ్మ కాళ్ళు ఆగాయి. ఇక్కడ అందరూ తెలిసినవాళ్ళు. వెనక్కి జరుగుదామని పక్కకు తప్పుకుంది. పెద్దయ్య కూడా ఆగిపోయాడు. ఆమె కదలదు, ఆయన దాటడు. కట్ట మీద బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. "ఏంది నీరటన్నా, పెండ్లాన్ని ముంగట వెట్టుకున్నవ్?" అని ఒకామె కిసుక్కుమంది.

"నా పెండ్లాం, నా ముంగట ఉంటది. నీకేం నొస్తుంది?" అన్నాడు పెద్దయ్య. శ్యామలమ్మ తల దించుకుని, నవ్వు దాచుకుని, కట్ట పొడుగునా ముందే నడిచింది.

నన్నే బీ వాకిట్లో గోధుమలు చెరుగుతున్నది. చేట పక్కన పెట్టి పరుగెత్తుకు వచ్చింది. ఇద్దర్నీ పై నుంచి కింది దాకా తడిమి చూసి, అడవిలో ఏమైందో అంతా అక్కడే నిలబెట్టి చెప్పించుకుంది. విని విని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గంత కష్టపడి పోయినవ్. బుర్ర పలగొట్టుకున్నవ్, కాలు కుంటి చేసుకున్నవ్. ఏమిచ్చిండే నీకు మీ లింగమయ్య?"

శ్యామలమ్మ వెనక్కి తిరిగి చూసింది. పెద్దయ్య మూట దించి, ఇంట్లోకి కూడా పోకుండా, తూము ఎట్లా ఉందో చూడడానికి అప్పుడే పార వెతుక్కుంటున్నాడు.

"ఒక్క మొగున్నే రెండుసార్లిచ్చిండు, అక్కా," అన్నది.